కొబ్బరాకులు కప్పిన విమానం

స్క్రూడ్రైవర్ రెక్కలోకి దిగిపోయింది. కాశీవిశ్వనాథం గట్టిగా పొడవలేదు. ఊరికే ఆనించాడంతే. బయటికి లాగితే కొసకి తెల్లటి పొడి అంటుకుని వచ్చింది.

నిచ్చెన కింద నిలబడ్డ ఉమామహేశ్వరి మెడ ఎత్తి చూసింది.

"ఏవిటండీ అది?"

ఆయన తోక మీద ఆనించాడు. వీపు మీద ఆనించాడు. అంతటా దిగింది. ఒక్క ముక్కు దగ్గర మాత్రం ఠంగుమని మోగింది.

కాశీవిశ్వనాథం వైమానిక దళంలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. పాత యుద్ధ విమానాల్ని మ్యూజియాల కోసం బాగుచేయించడం ఇప్పుడాయన పని. హైదరాబాదు దగ్గర కడుతున్న కొత్త మ్యూజియానికి ఈ రకం జెట్టు కావాలి. అమలాపురంలో ఒకటి ఉందని తెలిసి వచ్చాడు. వచ్చాక ఇంకో సంగతీ తెలిసింది. అది నిలబడ్డ స్థలం ఉమామహేశ్వరిది. బండారులంక రోడ్డు పక్కన కొబ్బరితోటలో ఆ నేల చెక్కని ఊరి మ్యూజియానికి రాసిచ్చేటప్పుడు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. తను బతికుండగా విమానం అక్కణ్ణుంచి కదలకూడదు.

ఆమె భర్త వెంకటరాజు నడిపింది ఈ రకం విమానమే. పెళ్లైన కొత్తల్లో, శిక్షణ కోసం సముద్రం మీదికి వెళ్లి మళ్లీ రాలేదు. ఓడలు వెతికాయి. చిన్న రేకు ముక్క కూడా దొరకలేదు. మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. ఆ కర్మ ఆమె చెయ్యనివ్వలేదు. మరిది సూర్యనారాయణరాజు ఏటా అడిగేవాడు. "గుప్పెడు గడ్డి మీ అన్నయ్యగారెలా అవుతారు సూర్యం?" అనేది ఆమె. అతను తేలికపడ్డట్టు లేచి వెళ్లిపోయేవాడు.

వైమానిక దళం పాతబడ్డ ఈ విమానాన్ని ఊరి మ్యూజియానికి ఇచ్చాక మాత్రం ఆమెకి ఓ చోటు దొరికింది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని దాని నీడలోనే తినేది. "రాజుగారి భార్య విమానంతో కాపురం చేస్తోంది" అని రోడ్డున పోయేవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేది.

"ఉప్పుగాలి వల్లేనాండీ?" అంది యామిని, మ్యూజియం చూసుకునే అమ్మాయి. గొంతులో కంగారు.

"ఉప్పుగాలైతే అంతటినీ ఒకేలా తినాలి కదమ్మా. వీపంతా తినేసి ముక్కుని వదిలేసిందేంటి?" కాశీవిశ్వనాథం నిచ్చెన దిగాడు. "దీనిమీద ఏమన్నా కప్పేరా?"

యామిని తల దించుకుంది.

"నేనే కప్పించేనండి," అంది ఉమామహేశ్వరి. "పచ్చి కొబ్బరాకు తడికలు. ఏటా వానలకి ముందు కొత్తవి అల్లించి కప్పిస్తాను. గడ్డివాముకి కప్పమాండీ? ఇటికల బట్టీకి కప్పమా? వాన చుక్క పడనివ్వలేదు."

అంటూనే ఆయన మొహం చూసింది.

"గడ్డివాము గాలి పీల్చుకుంటుందమ్మా. అల్యూమినియానికి ఆరడం కావాలి. తడిసిన ఆకు నెలల తరబడి దీన్ని అంటిపెట్టుకునే ఉంది. ఉప్పంతా అందులోనే నానింది." ఆయన ముక్కు వైపు చూపించాడు. "ముక్కు మీద కప్పలేదు కదూ?"

"లేదండి. లోపల కూర్చునే చోటు కదా. ఊపిరాడదని..."

ఎవరికి ఊపిరాడదో ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

"అయితే నేనే చంపుకున్నానాండీ దీన్ని?"

"తెలీక చేసేరమ్మా." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముక్కు వరకూ కోసి తీసుకెళ్తే, తడి తగలని హాల్లో పెడతాం. చాలాకాలం ఉంటుంది. మిగతాది పాత సామాన్లోకే. ఇలాగే ఉంచితే మాత్రం ఈసారొచ్చే తుఫానుకి విరిగి రోడ్డు మీద పడుతుంది. స్కూలు ఆటోలు తిరిగే రోడ్డు. మీరు ఊఁ అంటేనే ముట్టుకుంటాం."

ఆయన మాట్లాడుతుండగానే మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువుల మీంచి సూర్యనారాయణరాజు బురద కాళ్లతోనే వచ్చేశాడు. కోసే మాట అతని చెవిన పడింది.

"కొయ్యడమేంటండీ?" అరిచాడు. "చేపనుకున్నారా? మా వదినగారి ప్రాణమండీ అది! ఇనప స్తంభాలేయిస్తాను. షెడ్డు కట్టిస్తాను. ఎవరు కోస్తారో కొయ్యమనండి చూద్దాం!"

"సూర్యం," అంది ఆమె. "ఊరుకో."

"మీరు మాట్లాడకండి వదినగారూ!"

"కింద పిల్లలు తిరుగుతున్నారు." విమానం వైపు చూడకుండా కాశీవిశ్వనాథం వైపు తిరిగింది. "తీసుకెళ్లండి."

మర్నాడు ఉదయం క్రేను వచ్చింది. కోత మిషను గీపెట్టింది. ఆ రొదకి కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. ఉమామహేశ్వరి కుర్చీ వేసుకుని కోత అయ్యేదాకా కూర్చుంది. యామిని ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. రెక్క తెగి నేలకి తగిలినప్పుడు చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. పిండి బస్తా పడ్డట్టు పడింది.

ముక్కుని లారీ మీదికి ఎక్కించి తాళ్లు బిగించారు. అద్దాల వెనక ఖాళీ సీటు ఒకసారి ఎండకి మెరిసింది. లారీ మలుపు తిరిగింది.

యామిని రెక్క ముక్క ఒకటి ఏరి, తుడిచి తెచ్చింది. "ఇది మీరుంచుకోండి అమ్మగారూ."

ఆమె చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది.

"వద్దమ్మా. అది ఆయన కాదు."

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. పక్కనే నిలబడ్డ సూర్యనారాయణరాజు చటుక్కున తల తిప్పాడు.

"సూర్యం, పంతులుగారితో మాట్లాడు. దర్భలతో చేస్తారన్నావు కదా, అది. మంచిరోజు చూడమను."

ఎదురుచూసిన మాట. అతను "ఆయ్" అనబోయి, కొబ్బరి దుంగ మీద కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి, మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"మీరు వద్దంటారన్న ధైర్యంతోనే అడిగేవాణ్ణండి వదినగారూ."