మిషను వేసే గుటక

ఆ మధ్యాహ్నం ఎంబ్రాయిడరీ మిషను గులాబీకి ఒక రేకు తక్కువ కుట్టింది. ఒక్కదానికి కాదు, వరసగా పదకొండింటికి. రంగు మారగానే పడాల్సిన మొదటి రేకే ఎగిరిపోతోంది.

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. ఏడో తరగతిలోనే బడికో దండం పెట్టి ఈ మిషను ముందు కూర్చున్న మనిషి. కిటికీ ఎండలో నూలు ధూళి తేలుతోంది. గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది.

"నీ కంప్యూటర్ని లోపల్నుంచి నడిపే కెర్నెల్ కొత్తది పెట్టాం బావా," అన్నాడు బావమరిది. కంప్యూటరు మాటని మిషన్లకి చేరవేసే డ్రైవర్లు రాయడం అతని ఉద్యోగం. "పాత డ్రైవర్లన్నీ తిరగరాస్తున్నాం. సాయంత్రంలోగా నీ మిషను సరిగ్గా నడవకపోతే పనిచేసే మిషన్ల లిస్టులోంచి దాని పేరు కొట్టేస్తారు. ఇంకే కంప్యూటరూ దాన్ని పలకరించదు."

"కొట్టెయ్యనీ. మీ అక్క నా పేరు ఎప్పుడో కొట్టేసింది, దానికి తోడుంటుంది."

"అలగకు బావా."

"అలగడానికి నేనేమన్నా కొత్తల్లుణ్ణా? ఇంకోసారి తిప్పు."

టకటకటక. బావ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు మీద తేలిపోయాడు. ఎర్రదారం నదిలా పారుతోంది. ఒడ్డున, పని నేర్పిన నాన్న కూర్చున్నాడు. రంగు మారే రేవు దగ్గర నాన్న ఆగమని చెయ్యెత్తాలి. ఎత్తకముందే నది దాటిపోయింది.

బావ ఉలిక్కిపడి లేచాడు. "రంగు మారేటప్పుడు ఇది గుటక వేసేదిరా! ఇరవయ్యేళ్ళుగా దాంతోపాటు నేనూ వేస్తున్నా. ఇవాళ నాది గొంతులోనే ఉండిపోయింది."

బావమరిది పాత డ్రైవరు తెరిచి చూశాడు. రంగు మారాక మూడొందల మిల్లీసెకన్లు ఆగమని ఒక లైను. ఎందుకాగాలో ఎవరూ రాయలేదు.

"దండగ అనుకుని పోయినవారం నేనే పీకేశా," అన్నాడు నెమ్మదిగా. "కొత్త మిషన్లు సిద్ధమైతే అవే చెబుతాయి. ఇది చెప్పదు."

"చెబితేగానీ తెలీదన్నమాట. చదివి చచ్చావులే!"

కొత్తవాటిని ఆపకుండా, ఈ పాతరకం కనిపిస్తే మాత్రం ఆగేలా లైను తిరిగి పెట్టాడు బావమరిది. "పక్కన కారణం రాస్తా. ఏమనను?"

"సూది సర్దుకోడానికి టైము కావాలి. ఇది పీకేముందు వచ్చి మిషను పక్కన కూర్చుని వినండి అని రాయి."

అక్షరం మార్చకుండా రాశాడు.

పదమూడో గులాబీ. మిషను టకటకలాడి ఆగింది. బావ గుటక వేశాడు. తెలీకుండానే బావమరిదీ వేశాడు. తెల్లగుడ్డ మీద ఎర్రరేకు మెల్లగా విచ్చుకుంది.