అరవై ఒకటో పేరు

నాంచారయ్య గారికి రాయి చెక్కేవాడు ఇచ్చిన గడువు మంగళవారం పొద్దున. ఆయన సంతోషమ్మ గారిని వెంటబెట్టుకుని బందరులో నా షాపు మెట్లెక్కింది సోమవారం మధ్యాహ్నం. నా కంప్యూటర్లో హార్డ్ డిస్క్ చచ్చింది అంతకు ముందు శుక్రవారం. ఎవరో నా మీద పగబట్టి ఈ మూడింటినీ ఇలా వరసలో పెట్టారని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

షాపంటే పెద్దదేమీ కాదు. కోర్టుల వెనక వీధిలో వెంకటరత్నమ్మ గారి ఇంటి ముందు గది. "వినీల డీటీపీ" అని బోర్డు. దస్తావేజులు, శుభలేఖలు, చర్చి కరపత్రాలు టైపు చేస్తాను. పదేళ్ళుగా ఒకే పాత విండోస్, అందులో ఒకే పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్. కొత్త కంప్యూటర్లలో ఆ ప్రోగ్రామ్ నడవదు, నాకు వేరే ప్రోగ్రామ్ నడపడం రాదు. అలా ఒకరినొకరం పట్టుకుని వేలాడుతున్నాం.

నాంచారయ్య గారు దివిసీమలో పోస్టుమ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై ఏడు ఉప్పెనలో తన బీటులో పోయినవాళ్ళ పేర్లు కూడగట్టడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆరేళ్ళుగా నెలకోసారి నోట్‌బుక్కుతో బస్సెక్కి వచ్చి నా చేత టైపు చేయించేవారు. రెండు వందల పద్నాలుగు పేర్లయ్యాయి. ఈ నవంబరు పందొమ్మిదికి ముప్పై ఏళ్ళు నిండుతాయని, ఆ రోజుకి ఒక రాయి నిలబెట్టాలని ఆయన పట్టుదల.

ఒక్క పేట మిగిలిపోయింది. కరకట్టకి అవతల, ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళ పదకొండు ఇళ్ళు. వాళ్ళకి రేషన్ కార్డులు లేవు. ఓటర్ల జాబితాలో సగం మంది లేరు. ఆ పేటకి తను ఒక్క ఉత్తరం కూడా మోయలేదని నాంచారయ్య గారు అంటారు. అందులో మిగిలిన మనిషి సంతోషమ్మ గారొక్కరే. ఆరేళ్ళు చుట్టూ తిరిగితే ఒప్పుకున్నారావిడ. ఒక్కసారే చెప్తాననీ, మళ్ళీ అడగొద్దనీ షరతు పెట్టి మరీ ఒప్పుకున్నారు.

ఈలోపు డిస్క్ పోయింది. టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. శనివారం మా తమ్ముడు కిరణ్ గుడివాడ నుంచి వచ్చాడు. అక్కడ ఒక కాలేజీ ల్యాబ్‌లో పని వాడికి. రోజంతా దానితో కుస్తీపట్టి, ఊపిరి పూర్తిగా ఆగేలోపు లోపల ఉన్నదంతా లాగి ఒక డీవీడీ చేశాడు.

"ఈ డీవీడీతోనే లైనక్స్ అని, విండోస్ లాంటిదే ఇంకోటి లేస్తుందక్కా. హార్డ్ డిస్క్ అక్కర్లేదు. లేచాక, దాని లోపల నీ పాత విండోస్ ఇంకో కంప్యూటర్‌లాగా నడుస్తుంది. వర్చువల్ మెషీన్ అంటారు. కంప్యూటర్లో కంప్యూటర్."

నిజంగానే లేచింది. తెర మధ్యలో చిన్న చట్రం, ఆ చట్రంలో నా పాత తెర, నా ఫైళ్ళు, నాంచారయ్య గారి రెండు వందల పద్నాలుగు పేర్లు. ఏడుపొచ్చింది నాకు.

"డీవీడీ మీద ఇంక ఎవరూ ఏమీ రాయలేరు. వైరస్ వచ్చినా, నువ్వు తప్పు నొక్కినా దానికేం కాదు," అన్నాడు. నాకు నచ్చిందీ, నా కొంప ముంచిందీ ఆ మాటే. "ప్రింటర్ మాత్రం దీనికి కుదరట్లేదు. సోమవారం సాయంత్రం వచ్చి నేనే పెన్‌డ్రైవ్‌లోకి తీసి ప్రింట్ చేయిస్తా. నువ్వు టైపు చేశాక ఆపకు."

ఆపకు అంటే మధ్యలో కరెంటు పీకొద్దని చెప్తున్నాడనుకున్నాను. ఆ సంగతి ఎవడు చెప్పాలి నాకు? పదేళ్ళలో ఒక్కరోజు కూడా కంప్యూటర్ని సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా స్విచ్ కట్టలేదు నేను.

సంతోషమ్మ గారికి డెబ్బై దగ్గర ఉంటాయి. కుర్చీలో కూర్చోనన్నారు. గోడకి ఆనుకుని కింద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కున్నారు. నాంచారయ్య గారు అలవాటు ప్రకారం నోట్‌బుక్కు తీశారు.

"అది లోపల పెట్టండి బాబాయ్ గారు. రెండు చోట్ల రాస్తే తప్పులొస్తాయి. కంప్యూటర్లో పెడితే ఎక్కడికీ పోవు," అన్నాను.

కసిరినట్టే అన్నాను. ఆయన నోట్‌బుక్కు సంచిలో పెట్టేసి, బస్సు వేళ కనుక్కొస్తానని వెళ్ళారు.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "కాలవ వైపు నుంచి వస్తానమ్మాయ్," అన్నారు. పేర్లు విడిగా రాలేదు ఆవిడకి. ఇళ్ళు వచ్చాయి. మొదటి ఇంటి ముందు ఆగి, లోపల ఎవరెవరున్నారో పెద్దల నుంచి పిల్లల దాకా చెప్పి, పక్కింటికి నడిచేవారు. రెండో ఇంట్లో యేసుదాసు, అతని తల్లి, అతని నలుగురు పిల్లలు. నాలుగో ఇంటికి తలుపు లేదని చెప్పి, గోనెపట్టా పక్కకి తీస్తున్నట్టు చెయ్యి కదిపారు. ఒక్కో ఇల్లు అవగానే నేను సేవ్ కొట్టాను.

పదకొండో ఇల్లు ఆవిడదే.

"మా ఆయన కృపావరం. పెద్దోడు ప్రకాశం. రెండోవాడు రాజారత్నం." కొంగు ఇంకాస్త ముందుకి లాక్కున్నారు. "చిన్నపిల్ల."

"పేరు చెప్పండి పెద్దమ్మా."

"పెట్టలేదమ్మా. పదిహేను రోజుల పిల్ల. మా పేటలో అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి పేరు పెట్టేదాకా పిల్లని పేరెట్టి పిలవం. ఆయన ఆదివారం వస్తానన్నారు. ఉప్పెన శనివారం వచ్చింది."

నేను కూడా చర్చికి వెళ్ళే మనిషినే. ఇలాంటి మాట విన్నప్పుడు ఒక్క నిమిషం చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. కానీ నా ధ్యాసంతా గడువు మీదే ఉంది. "పేరు లేకపోతే రాయి మీద ఏం చెక్కుతారు పెద్దమ్మా? మీరే ఒకటి పెట్టేయండి," అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు చూశారు. అలా ఎవరైనా అంటారని ముప్పై ఏళ్ళలో అనుకోలేదేమో. అరచేతులు రెండూ ఒళ్ళో పక్కపక్కన, వెల్లకిలా పెట్టుకున్నారు. పెదాలు కదిలాయి. తర్వాత ఒక పేరు చెప్పారు. నేను టైపు చేసి సేవ్ కొట్టాను. లెక్క చూస్తే అరవై ఒకటి.

నాంచారయ్య గారు వచ్చి, నాగాయలంక బస్సుకి ఇంకా రెండు గంటల టైముందని, స్టాండులో కూర్చుంటామని ఆవిడని తీసుకెళ్ళారు. వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో ఉరిమింది.

మా వెంకటరత్నమ్మ గారికి ఉరుము వినపడితే చాలు, మెయిన్ కట్టేస్తారు. ఒకసారి పిడుగుకి టీవీ కాలిపోయిందావిడకి. బతిమాలినా ఒప్పుకోరు. మెయిన్ పడింది. యూపీఎస్ కూతలు మొదలుపెట్టింది. దాని బ్యాటరీ ఐదు నిమిషాలు వస్తుంది. నేను కంగారు పడలేదు. ఇంకోసారి సేవ్ కొట్టాను. లోపలి విండోస్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేశాను. తర్వాత లైనక్స్‌ని చేశాను. డీవీడీ దానంతటదే బయటికొచ్చింది, తీసి ఎంటర్ నొక్కమంది. తీసి, తుడిచి, కవర్లో పెట్టి, నొక్కాను. బాగా చేశానని కూడా అనుకున్నాను.

ఐదు నిమిషాలు. ఒక్క పేరు కాగితం మీద రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

ముప్పావు గంటకి కరెంటు ఇచ్చారు. డీవీడీ పెట్టాను. లైనక్స్ లేచింది, చట్రం వచ్చింది, నా ఫైలు తెరుచుకుంది. రెండు వందల పద్నాలుగు. కింద ఏమీ లేదు. మూసి తెరిచాను. ఫోల్డర్లన్నీ వెతికాను. కిరణ్‌కి ఫోన్ చేశాను.

"ఆపేశావా?" అన్నాడు. "డీవీడీ మీద రాయలేం అన్నాను కదక్కా. నువ్వు సేవ్ చేసింది ర్యామ్‌లోకి వెళ్తుంది. ఆపగానే ర్యామ్ ఖాళీ. మళ్ళీ పెడితే శనివారం నేను చేసిన డీవీడీయే లేస్తుంది."

"ఏదో ఒకటి చెయ్యరా."

"చెయ్యడానికేం లేదక్కా."

చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. వానలో ఆటో దొరకలేదు. పరిగెత్తాను. బస్టాండులో సిమెంటు బల్ల మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నారు సంతోషమ్మ గారు.

"పోయాయి పెద్దమ్మా. మీరు చెప్పిన పేర్లన్నీ పోయాయి," అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, "మళ్ళా పోయారా?" అన్నారు.

పక్కనున్న నాంచారయ్య గారు కోపంగా లేచి నిలబడ్డారు. "నేను రాసుకుంటానంటే లోపల పెట్టమన్నావు కదమ్మా. ఎక్కడికీ పోవన్నావు." ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. ఆయన సంచిలోంచి నోట్‌బుక్కు, పెన్ను లాక్కుని ఆవిడ ముందు తడినేల మీద కూర్చున్నాను. మళ్ళీ అడగొద్దని షరతు పెట్టిన మనిషిని మళ్ళీ అడిగాను.

"రాసుకో," అన్నారు. కళ్ళు మూసుకుని కాలవ దగ్గరికి వెళ్ళారు. చుట్టూ బస్సులు, పల్లీలమ్మేవాళ్ళు, మైకులో అరుపులు. ఆవిడ మాత్రం ఒక్క ఇల్లూ తప్పలేదు. గోనెపట్టా దగ్గర చెయ్యి అలాగే కదిలింది. పదో ఇల్లు దాటేసరికి నాకు ఊపిరి ఆడింది. దేవుడా, అయిపోతోంది, దొరికేశారు అనుకున్నాను.

"కృపావరం. ప్రకాశం. రాజారత్నం. చిన్నపిల్ల..." ఆగారు. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. "కృపావరం. ప్రకాశం. రాజారత్నం." కళ్ళు తెరిచారు. "దానికేం పేరు చెప్పానమ్మాయ్ నీకు?"

నాకు గుర్తు లేదు.

టైపు చేసేవాళ్ళం మాటలు వినం. చెవిలో పడ్డది పడ్డట్టు వేళ్ళలోకి పోతుంది. ఆవిడ అరచేతులు ఎలా పెట్టుకున్నారో గుర్తుంది, ఫ్యాను కిర్రుమనడం గుర్తుంది, లెక్క అరవై ఒకటి అని గుర్తుంది.

"ఎస్తేరా పెద్దమ్మా?"

తల అడ్డంగా ఊపారు.

"కరుణా? మేరీనా? సువార్తా? శాంతా?" మా సండే స్కూల్లో ఉన్న ఆడపిల్లల పేర్లన్నీ అప్పజెప్పాను. ఒక్కోదానికీ ఆవిడ ఆశగా నా నోటి వైపు చూసి, కాదనేవారు.

"మిగతావాళ్ళని రోజూ తలుచుకుంటానమ్మా. ఈ పేరు ఇయ్యాలే కదా నోటికొచ్చింది," అన్నారు. ఏదో తప్పు తనే చేసినట్టు అన్నారు.

"ఇంకో పేరు పెట్టండి పెద్దమ్మా. ఏదైనా సరే."

"పెట్టేశాను కదా. పిల్లకి రెండుసార్లు పేరెడతారా ఎవరైనా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. బస్సు వచ్చింది. నాంచారయ్య గారు నోట్‌బుక్కు తీసుకుని, ఆవిడని జాగ్రత్తగా ఎక్కించారు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా పెదాలు కదుపుతూనే ఉన్నారు.

రాయి అనుకున్న రోజుకే నిలబెట్టారు. రెండు వందల డెబ్బై నాలుగు పేర్లు చెక్కి, ఆఖరి ఇంటి కింద ఒక పేరు పట్టేంత చోటు వదిలేయించారు నాంచారయ్య గారు. గుర్తొస్తే కబురు చేస్తానని సంతోషమ్మ గారు అన్నారట. ఇంకా కబురు రాలేదు.

కిరణ్ కొత్త డిస్క్ వేసి అన్నీ సరిచేసి ఇచ్చాడు. కానీ రోజూ పొద్దున షాపు తెరవగానే నేను ఆ డీవీడీయే పెడతాను. ఆ చట్రంలో ఆ ఫైలు తెరిచి, కళ్ళు మూసుకుని టైపు చేస్తాను. నేను వినకపోయినా నా వేళ్ళు విన్నాయి కదా, వాటికైనా గుర్తుంటుందేమోనని. కృపావరం, ప్రకాశం, రాజారత్నం దాకా అవి ఆగకుండా వెళ్తాయి. అక్కడికొచ్చి ఆగిపోతాయి.