ఎవరి నక్షత్రానికి?

"కర్రీ పాయింట్ పెట్టుకుంటదట, మంచి మనిషి. గా ముందర గది ఆమెకు కిరాయికిస్తే నీకేం పోతది?" అంది అత్తగారు సుబ్బులు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. పొద్దున మొదలైన వాదన మధ్యాహ్నమైనా తెగలేదు.

"నాకు ఆఫీసు గావాలె అత్తమ్మా," అంది ఉమ మళ్లీ.

"డైనింగ్ టేబుల్ మీద అయ్యే పనికి ఆఫీసెందుకే? వకీళ్లకు లేని ఫికర్ నీకేంది?" అన్నాడు భర్త దామోదర్.

ఆ ఫికరే ఉమ పని. ఉప్పల్, నాచారాల్లో ఆస్తులు రిజిస్ట్రేషన్ చేయించే లాయర్లు కొనేవాళ్ల వివరాలు ఆమెకు పంపుతారు. ఐక్యరాజ్యసమితో, మన సర్కారో ఆంక్షలు పెట్టిన మనిషెవరైనా ఆ కొనుగోలు వెనక దాగున్నాడేమో ఆమె చూసి చెబుతుంది. అలాంటివాడికి ఆస్తి కొనిపెడితే కేసు లాయరు మెడకూ చుట్టుకుంటుంది. ఇంత పనీ అన్నం గిన్నెల మధ్యే. ముందర గది కూడా పోతే ఇక ఎప్పటికీ అంతే.

ఫోన్ మోగింది. ఉప్పల్ లాయరు ఫణీంద్ర.

"నాచారం గోడౌన్ కొంటున్న దుర్గేష్ సంగతి మేడం. పేరు శుభ్రం, కాగితాలు శుభ్రం. సరేననేయండి. గురువారమే రిజిస్ట్రేషన్ కావాలంటున్నాడు. శుక్రవారం పెట్టుకుందామంటే ససేమిరా అన్నాడు. ముహూర్తమట."

ఉమ పెన్ను అందుకుంది. "ఎవరి నక్షత్రానికి చూపించిండో అడిగిన్రా సార్?"

ఫణీంద్ర పకపకా నవ్వాడు. "లిస్టులో నక్షత్రాలు కూడా చేర్చారా ఏంటి?"

"జర అడుగున్రి. ఆస్తి ఎవరిదైతే వాళ్ల నక్షత్రానికే గద చూపించుకునేది? పక్కింటాయనకు చూపిస్తరా ఎవరన్న?"

సుబ్బులు చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "గా మాట నిజమే," అంది.

కాసేపటికి ఫణీంద్ర మళ్లీ చేశాడు. ఈసారి నవ్వు లేదు.

"తనకు కాదటండి, బావకట. విదేశంలో ఉంటాడట, ఆయనకు కలిసిరావాలని చూపించాడట. పంతులుగారికిచ్చిన పేరూ, తండ్రి పేరూ, పుట్టినతేదీ, ఊరూ అన్నీ నాకూ చెప్పేశాడు."

ఉమ ఆంక్షల లిస్టులో వెతికింది. పేరు కలిసింది, పుట్టినతేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు కూడా కలిశాయి. దొంగ ఆయుధాలకు డబ్బు సమకూర్చాడని ఆంక్షలు పడ్డ మనిషి. భుజం మీదుగా తొంగిచూసిన దామోదర్ టేబుల్ మీది గిన్నెలు పక్కకు జరిపాడు.

"రిజిస్ట్రేషన్ ఆపున్రి సార్. ఎందుకో మాత్రం దుర్గేష్‌కు చెప్పకున్రి. ఇయ్యాల్నే సర్కారుకు తెలపాలె, కాగితం నేను తయారు జేస్త."

సాయంత్రం ఫణీంద్ర మరో లాయరు బిందుమాధవిని వెంటబెట్టుకొచ్చాడు. "నన్ను బతికించారు మేడం. ఇకమీదట ఈవిడ ఫైళ్లు కూడా మీవే," అన్నాడు.

"నక్షత్రాలు లిస్టుల ఉన్నయా అని నవ్విన్రట గద సారూ?" అంది సుబ్బులు చాయ్ అందిస్తూ. ఫణీంద్ర చెవులు పట్టుకున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది సుబ్బులే.

రాత్రి భోజనాలకు మామగారూ, కూతురు సిరీ కూడా కూర్చున్నారు. ఉమ అందరికీ అన్నం వడ్డించి, తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందర గది నేను దీసుకుంటున్న. సోమవారం టేబులు వస్తది," అంది నెమ్మదిగా. "అడుగుతలేను, చెప్తున్న."

చిక్కుడుకాయ కూర గిన్నె అత్తగారి వైపు జరిపింది.