వనిత చేతి కనుబొమ్మలు

ఆ ఏడు వానాకాలం అమీర్‌పేటలో నిటారుగా నడిచిన మనిషి లేడు. చికున్‌గున్యా. జావా నేర్చుకోవడానికి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు గోడలు పట్టుకుని మెట్లెక్కేవారు. హాస్టల్ ఆడపిల్లలు మా పార్లర్‌కి వచ్చి, కుర్చీలో కూర్చోలేక, కూర్చున్నాక లేవలేక దోమల్ని తిట్టేవారు. రెండువేల ఆరు అది. నాకూ వచ్చింది. పదిరోజులు మంచమెక్కి లేచాను. చలికాలం వస్తే నా మోకాళ్ళు ఇప్పటికీ పలకరిస్తాయి, ఆ మాత్రానికే నేను లోకం మీద విసుక్కుంటాను. వనితకు పోయింది మోకాళ్ళు కాదు.

వనిత నా దగ్గర పనిచేసే పిల్ల. వాళ్ళ నాన్న రాజనర్సయ్య సిద్దిపేట వైపు సేద్యం మానుకుని వచ్చి బల్కంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా కుదిరాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ పిల్ల కిందపడ్డ వెంట్రుకలు ఊడ్చడానికి నా దగ్గర చేరింది. దారం పట్టి కనుబొమ్మలు తీర్చడం నేనే నేర్పాను. ఆ మాట అందరికీ చెబుతాను. రెండేళ్ళు తిరిగేసరికి నన్ను మించిపోయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మా పార్లర్ జిరాక్స్ షాపు పైన, మొదటి అంతస్తులో ఉంటుంది. బోర్డు మీద పేరు అరుణాదేవి అని నాదే. కానీ వచ్చినవాళ్ళు తలుపు తోసి అడిగేది "వనిత ఉందా?" అని. ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలు, బేగంపేట ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలు ఆమె కోసం వరసలో కూర్చునేవారు. నేను చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడినా "పర్లేదాంటీ, వెయిట్ చేస్తాం" అనేవారు. తణుకు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నదాన్ని నేను. గురువును మించిన శిష్యురాలని అందరూ మెచ్చుకుంటారు గానీ ఆ గురువు కడుపుమంట ఎవరికి కావాలి?

జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన మూడో వారంలో వనిత నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"మేడమ్, కండ్ల నడుమ మరక లెక్క పడ్తుంది. ఏది చూద్దామంటే గదే పోతది. పక్కనున్నయన్నీ కనబడ్తయి."

"వేడి చేసిందే పిల్లా. మాడుకి ఆముదం పెట్టుకో, సబ్జా గింజలు నానబెట్టి తాగు" అన్నాను.

పెట్టుకుంది. పన్నెండు రోజులు పెట్టుకుంది. పదమూడో రోజు ఒకమ్మాయి కనుబొమ్మ మీద వేయాల్సిన దారం కంటి రెప్ప మీద వేసింది. ఆ అమ్మాయి కేకకి కింద జిరాక్స్ షాపువాళ్ళు పైకి వచ్చారు. అప్పుడు తీసుకెళ్ళాను సోమాజిగూడలో కంటి ఆసుపత్రికి. శనివారం రద్దీ వదులుకుని మరీ తీసుకెళ్ళినందుకు నా మంచితనం చూసి నాకే ముచ్చటేసింది.

అక్కడ వనిత చేతికి పసుపుపచ్చ మందు ఎక్కించి కంటి లోపలి ఫోటోలు తీశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిగ్గా కంప్యూటర్ మీద చూపించి చెప్పింది.

"వైరస్ ఎప్పుడో వెళ్ళిపోయిందమ్మా. కానీ కంటి వెనక పొరలో రక్తనాళాలు వాచిపోయాయి. కొన్ని మూసుకుపోయాయి. రక్తం అందని చోట పొర దెబ్బతింది. మందులతో వాపు తగ్గుతుంది. మచ్చ మాత్రం ఉండిపోవచ్చు. రెండు కళ్ళలోనూ సరిగ్గా చూపు నిలిచే చోటే పడింది."

ఇంకాస్త ముందు వస్తే బాగుండేదా అని వనిత అడగలేదు. నాకు అడగాలనిపించింది, అడిగితే ఏం చెబుతుందోనని ఊరుకున్నాను.

మూడు నెలలు మందులు వాడింది. వాపు తగ్గింది, మచ్చ ఉండిపోయింది. బస్సు కనబడుతుంది, దాని మీద నంబరు కనబడదు. మనిషి కనబడతాడు, ముఖం కనబడదు. గోడ అంచు చూస్తే వంకరలు తిరిగి ఉంటుందట. "అద్దంలో చూస్కుంటే నా చెవులు కనబడ్తయి మేడమ్, ముక్కు మూతి కనబడవు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. అబద్ధం కాదు, నిజంగానే వచ్చింది.

"నన్ను తీసెయ్యకుండ్రి మేడమ్. ఒక్కపారి నా చెయ్యి చూడుండ్రి" అని బతిమాలి ఒక హాస్టల్ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, వేళ్ళతో రెప్ప మీద చర్మం సాగదీసి పట్టుకుంది. వనిత కూడా కళ్ళు మూసుకుంది. ఎడమచేతి వేలికొనతో కనుబొమ్మ వెంట్రుకలకు ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి తడిమింది. దారం కొస పళ్ళ మధ్య బిగించి మొదలుపెట్టింది. తడమడం, దారం లాగడం, మళ్ళీ తడమడం. పూర్తయ్యాక నేను వంగి చూశాను. రెండు కనుబొమ్మలూ చక్కగా, ఒకే ఎత్తులో ఉన్నాయి. కళ్ళున్న రోజుల్లో కంటే బాగా చేసింది.

"ఆఁ, ఫర్వాలేదు" అన్నాను.

అప్పటి నుంచి అదే పద్ధతి. వచ్చినవాళ్ళకు ఆమె చూపు సంగతి చెప్పలేదు. ఒక్కొక్కరిది అయిపోగానే "మేడమ్, జర చూడుండ్రి" అని పక్కకు జరిగేది. నేను వంగి చూసి "ఆఁ" అనేదాన్ని. నాలుగు నెలల్లో ఒక్క వెంట్రుక అటూ ఇటూ పోలేదు. నా నోటి నుంచి "బాగుంది" అన్న మాట మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆమె అద్దం నేనే కదా, ఆ అద్దానికి కాస్త బెట్టు ఉంటే తప్పేంటి అనుకున్నాను.

అలా ఉండగా మంజూష వచ్చి పుల్ల పెట్టింది. బేగంపేట ఆఫీసులో టీమ్ లీడర్ ఆ అమ్మాయి. రెండు వారాలకోసారి వచ్చేది, వనిత తప్ప ఇంకెవరూ ముఖం ముట్టుకోకూడదు. ఆమెకు తెలిసిన కమలకుమారి గారని ఒకావిడ పంజాగుట్టలో ఏసీ పార్లర్ తెరుస్తోందట. మంచి చెయ్యి కావాలట. గురువారం వచ్చి ఒకరికి చేసి చూపిస్తే చాలని వనితతో చెప్పింది.

ఈ సంగతి నాకు వనితే చెప్పింది. దాచుకుని వెళ్ళిపోతే తిట్టుకుని మర్చిపోయేదాన్ని. మంగళవారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, నా ముందు చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది.

"పోవాల్నని ఉంది మేడమ్. కండ్ల సంగతి గా మేడమ్‌కు నేనే చెప్త. కని భయమైతుంది. ఇన్ని దినాలు మీరు నా మీద పావురంతోని, నేను బాధపడ్తనని, ఆఁ అన్నరేమో. నాకైతే కనబడదు. ఇయ్యాల మీకు చేస్త. అద్దంల చూస్కొని నిజం చెప్పుండ్రి. మంచిగుంటే పోత. లేకుంటే ఒకల ముఖం ఖరాబ్ చేసుడెందుకు, దారమే ముట్టుకోను."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. పౌడరు అద్దింది, నా కనుబొమ్మ వంపు వెంట రెండుసార్లు వేలు నడిపింది, మొదలుపెట్టింది. నేను కళ్ళు మూసుకుని లెక్కలు వేసుకున్నాను. ఈ పిల్ల వెళ్ళిపోతే మంజూష వెళ్ళిపోతుంది. మంజూష వెనక ఆఫీసు పిల్లలంతా వెళతారు. నాకు మిగిలేది నా బోర్డు. దానికన్నా ఎక్కువ మండింది ఇంకొకటి ఉంది. చూపు లేకుండా కూడా ఈ పిల్ల నాకన్నా గొప్పదై పంజాగుట్ట మెట్లెక్కుతుందా?

"అయింది మేడమ్. చూస్కోండ్రి."

అద్దంలో చూసుకున్నాను. నలభై ఆరేళ్ళలో నా ముఖం అంత కళగా ఎప్పుడూ లేదు. పెళ్ళికూతుర్ని చేసిన రోజున కూడా లేదు. వనిత ఊపిరి బిగబట్టి నా వైపు తిరిగి ఉంది. తల కొంచెం పక్కకు వంచి, కంటి అంచుతో నన్ను పట్టుకోవాలని చూస్తోంది.

"ఎడమది పైకి పోయిందే" అన్నాను.

అబద్ధం మొదలుపెట్టాక మనిషి ఆగడు. నేనూ ఆగలేదు.

"ప్రతిసారీ ఇంతే వనితా. నువ్వు బాధపడతావని చెప్పలేదు. నువ్వు పక్కకు జరగ్గానే నేను వంగేది ఎందుకనుకున్నావు? ప్లక్కర్‌తో సరిచేసి పంపిస్తున్నాను. లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు గొడవ చేసేవాళ్ళు."

"నా వేలికి మంచిగనే తాకింది మేడమ్..."

"వేలికి తెలిసేది వెంట్రుక. రూపం తెలియాలంటే కన్ను కావాలి. ఇక్కడైతే నేనున్నాను, కడుపులో పెట్టుకుని సర్దుకుంటున్నాను. అక్కడ ఏసీలో ఎవరున్నారే నీకు?"

సొరుగులోంచి ప్లక్కర్ తీసి, అద్దం ముందు నిలబడి, దాన్ని ఎడమ కనుబొమ్మ దగ్గర పెట్టుకుని గాలిలో టక్ టక్‌మని నొక్కాను. ఒక్క వెంట్రుక పీకలేదు. మధ్యలో "స్స్" అని నొప్పి కూడా పడ్డాను.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాను.

వనిత దగ్గరికి వచ్చింది. "ఒక్కపారి ముట్టుకోనా మేడమ్?" అంది. వద్దంటే అనుమానపడుతుందని ముఖం ముందుకు పెట్టాను. ఎడమ కనుబొమ్మ మీద వేలు వేసి, మొదటి నుంచి కొస దాకా నడిపింది. తర్వాత కుడిది. మళ్ళీ ఎడమది. దొరికిపోయాననుకున్నాను.

"ఎంత సక్కగైంది మేడమ్" అంది. "నా చేతికి ఇట్ల ఎన్నడొస్తది?"

ఆ క్షణం నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. గురువారం తీసుకెళ్దామని మంజూష వస్తే వనితే చెప్పింది, రానని, తనకు అరుణ మేడమే దిక్కని. "ఏంటాంటీ, ఈమెకేమైంది?" అని మంజూష నన్ను అడిగింది. "మనసైన చోట ఉంటుందిలే అమ్మా" అన్నాను. వెళ్తూ వెళ్తూ నా ముఖం చూసి "ఐబ్రోస్ సూపరాంటీ" అంది. వనిత సంతోషంగా నా వైపు తిరిగింది. ఆ మెప్పు నా ప్లక్కర్‌కే అనుకుంది మరి.

ఆ తర్వాత ఏం జరుగుతుందో నేను ఊహించలేదు. తన వేలు అబద్ధం చెబుతుందని వనిత నమ్మింది. ఒకసారి తడిమి వదిలే చోట పదిసార్లు తడిమేది. సరిగా రాలేదేమోనని ఇంకో వరస లాగేది. కనుబొమ్మలు పలచబడి గీతల్లా మిగిలేవి. తల పక్కకు తిప్పి కంటి అంచుతో చూస్తూ చేయబోయి ఒక పిల్లకు నెత్తురు తెప్పించింది. నేను నిజంగానే ప్లక్కర్ పట్టుకుని పరుగెత్తాల్సి వచ్చింది. అయినా పోయిన వెంట్రుకను ప్లక్కర్ తెచ్చి పెట్టదు కదా. మళ్ళీ వానలు మొదలయ్యేసరికి మంజూష పంజాగుట్ట వెళ్ళడం మొదలుపెట్టింది. ఆఫీసు పిల్లలు ఒక్కొక్కరే ఆమె వెనక జారుకున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటారే, ఆ సామెతలో అమ్మకు చివరికి ఏం మిగిలిందో ఎవరూ చెప్పరు.

ఒకరోజు మధ్యాహ్నం పార్లర్‌లో మేమిద్దరమే ఉన్నాం. కుర్చీలన్నీ ఖాళీ. నాకు జాలి పుట్టిందని చెబితే మీరు నమ్మకండి, భయం పుట్టింది. ఆ చెయ్యి తిరిగి రాకపోతే తలుపులు మూసుకోవాలి.

"వనితా, ఒక మాట చెప్తాను విను" అన్నాను. "ఆ మంగళవారం నువ్వు నాకు చేసినవి బాగా వచ్చాయి. అంతకుముందు చేసినవన్నీ బాగానే ఉన్నాయి. నేను ఏనాడూ సరిచేయలేదు. నువ్వు పోతావని అబద్ధం చెప్పాను. నీ వేలు నిజమే చెప్పింది."

ఆమె మడతపెడుతున్న తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. నా ముఖం వైపు తిరిగింది, కళ్ళు నా చెవి దగ్గరెక్కడో ఆగాయి.

"మీది మస్తు మంచి మనసు మేడమ్" అంది. "నా పానం నిమ్మళం కావాల్నని గిట్లంటున్నరు. నాకు తెల్వదా? ఇగ దారం ఇడిసిపెడ్త. తలలు కడుగుత, కాళ్ళు రుద్దుత. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"నిజం చెప్తున్నానే" అని అరిచాను.

"ఊకోండ్రి మేడమ్" అని నా చెయ్యి నిమిరి, మిగిలిన తువ్వాళ్ళు మడతపెట్టుకుంది.