గాలి సందుల మీద పసుపు

"మూలల్లో గూడా నిండుగా పుయ్యి భానూ, సందులు కనబడతాండాయి," అంది వెనక నిలబడి మా అత్త నిర్మలమ్మ. శుక్రవారం పొద్దున ఐదున్నర. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద ఇడ్లీలు, ఆరుంబావుకు కంపెనీ బస్సు. నేను గడపకు పసుపు పూస్తున్నాను. ఎనిమిదేళ్ల అలవాటు కదా, చెయ్యి దానంతట అదే పోతుంది, బుర్ర దాని గోల అది పడుతుంది. నాలుగు రోజులుగా బుర్రకు ఒకటే గోల, బ్యాటరీ ఎందుకు కాగిపోయిందని. అత్త ఆ మాట అనగానే చెయ్యి ఆగిపోయింది.

సందులు!

శ్రీ సిటీలో మేం పందేల్లో ఎగిరే చిన్న విమానం తయారు చేస్తున్నాం. ఒక్కరే కూర్చునేది, కరెంటు మోటారుతో నడిచేది. స్తంభాల చుట్టూ ఐదు నిమిషాలు ఉన్న శక్తంతా పెట్టి తిరగాలి. మధ్యలో బ్యాటరీ కాగిపోతే మోటారు నీరసపడుతుంది, ఇక పందెం పోయినట్టే. ఆ బ్యాటరీని చల్లగా ఉంచే ఏర్పాటు నాది. విమానం ముక్కు కింద ఒక అంచు, ఆ అంచుకు ఏడు సన్నని సందులు, వాటిలోంచి గాలి. వెడల్పు చేస్తే వేగం పోతుంది. ఎంత సన్నగా ఉండొచ్చో తేల్చడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. మొన్న సోమవారం విమానాన్ని నేలమీద కట్టేసి పరీక్షిస్తే మూడో నిమిషంలోనే బ్యాటరీ కాగిపోయింది. భానుశ్రీ డిజైన్ పనికిరాదు, తీసేసి పాతదే పెడదాం అన్నాడు మేనేజరు జయరావు. కారణం చూపించడానికి నాకు ఈరోజు పదకొండు గంటల వరకే గడువు.

పసుపు చేత్తోనే ఫోను తీశాను. ఆఫీసు గ్రూపులో సోమవారం పరీక్షకు ముందు విమానానికి చేసిన పూజ ఫోటో ఉంది. ఆ పూట లోపలి గదిలో ఆరుగురు మగవాళ్లు ఆఖరి తనిఖీకి కూర్చున్నారు. గాలి సందులు చూడాల్సింది నేను. జయరావు పళ్లెం నా చేతికిచ్చి, "ఆడకూతురివి, పసుపు కుంకుమ నువ్వు పెట్టు తల్లీ, లోపల మేం సూసుకుంటాం," అన్నాడు. ఒళ్లు మండింది. అయినా పళ్లెం తీసుకున్నాను. ఫోటోలో నవ్వుతూ కూడా ఉన్నాను, నా మొహం మండా! ముక్కు కింది అంచంతా నిండుగా పసుపు, మధ్యమధ్య కుంకుమ బొట్లు, అచ్చం మా గడపే. పెద్దది చేసి చూశాను. ఏడు సందుల్లో ఐదు మూసుకుపోయి ఉన్నాయి. లోపల తనిఖీ కాగితం మీద నా గడిలో ఎవరో టిక్కు పెట్టేశారు. పరీక్ష అయ్యాక ఆ అంచు విప్పి, కడిగి, పక్కన పెట్టేశారు.

సందులు గీసిన చెయ్యే వాటిని పూడ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే, డిజైన్‌లో తప్పు లేదని గెంతాలనిపించింది. రెండూ ఒకేసారి, గడప ముందు కూర్చునే.

మా ఆయన అమర్‌నాథ్‌కు ఫోటో చూపించాను. నేనేం పని చేస్తానని ఎవరడిగినా "ఏదో ఫ్యాన్ల పని" అని చెప్పే మనిషి. ఈసారి మాత్రం బ్రష్షు నోట్లోంచి తీసి నిదానంగా అన్నాడు: "రిపోర్టులో ఇది మాత్రం రాయొద్దు. డిజైన్ తప్పంటే ఇంజనీరు పొరబడిందంటారు. పసుపు పూసి చెడగొట్టినానంటే జన్మంతా నవ్వుతారు."

నా మీద ప్రేమతోనే అన్నాడు, అది నిజం. కానీ రాయకపోతే పద్నాలుగు నెలలు చెత్తబుట్టలో పడతాయి. కాదంటే నవ్వుతారని భయపడే కదా ఆ రోజు పళ్లెం పట్టుకున్నాను.

"ఆ మూల వదిలేసినావే," అంది అత్త.

"మీరు పుయ్యండత్తా, నాకు బస్సు టైమయింది," అన్నాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి.

బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. రేణిగుంట దాటకముందే ఫోనులో రిపోర్టు తెరిచాను. కారణం: గాలి సందులకు పసుపు. పూసినవారు: భానుశ్రీ, ఇంజనీరు. ఆధారం: ఫోటో. ఆఖరి గడి, మళ్లీ జరగకుండా తీసుకోవాల్సిన చర్య. పూజ మానేయాలని రాయబోయి కొట్టేశాను. పూజ ఏం చేసింది పాపం? మళ్లీ రాసి, రెండోసారి చదవకుండా పంపేశాను.

"ఇకమీదట తనిఖీ గదిలో భానుశ్రీ ఉంటుంది. పళ్లెం జయరావు గారు పట్టుకుంటారు."