గోరు దిగని పూత

మా హాటెరస్ దీవిలో సార్వభౌమాధికారం సముద్రానిది. ఇనుమును తుప్పుగా, గోడ రంగును పొక్కులుగా, కొత్త ట్రక్కును రెండు చలికాలాల్లో జల్లెడగా మార్చి కప్పం వసూలు చేసుకోవడం దానికి అనాదిగా సంక్రమించిన హక్కు. ఆ కప్పం కట్టకుండా తలెత్తుకు నిలబడిన రాజ్యం దీవి మొత్తం మీద ఒకటే ఉండేది. దాని వైశాల్యం అరచేతిలో పట్టేది: థాడియస్ ఫారో కట్టిన గాలపు కర్ర మీద, దారం చుట్టిన చోట నిగనిగలాడే పూత.

బక్స్‌టన్‌లో ఇంటి వెనక ఉన్న షెడ్డులో ఆయన, ఇసుక ఒడ్డున నిలబడి అలల అవతలికి సీసపు గుండు విసరడానికి తగిన పొడుగాటి కర్రలు కట్టేవాడు. కొనేవాడి భుజాల వెడల్పు, చేతుల పొడవు, కొంతవరకు ప్రగల్భాల పొడవు కూడా కొలిచి కట్టేవాడు. గాలపు తాడు దూరే రింగులను ఒక్కొక్కటిగా సన్నని దారంతో కర్రకు బిగించి, పిడికి పైన యజమాని పేరు సిరాతో స్వయంగా రాసి, వాటన్నిటి మీదా పూత వేసి, అది కారిపోకుండా నెమ్మదిగా తిరిగే మోటారుకు కర్రను తగిలించేవాడు. మర్నాడు పొద్దున, కాఫీకన్నా ముందు, బొటనవేలి గోరు ఆ పూత మీద నొక్కేవాడు. గుర్తు పడకపోతేనే కర్ర గడప దాటేది. పడిన సందర్భం ఒక్కటీ ఎవరికీ తెలియదు. అందుకే మా దీవిలో ఒకడి మాట నమ్మదగినదని చెప్పాలంటే "అందులో థాడ్ గోరు దిగదు" అంటారు.

అంతటివాడు ఆ వేసవిలో పూతల మహాపరీక్ష జరుపుతున్నానని ప్రకటించేసరికి దీవి గర్వంతో ఉప్పొంగింది. షెడ్డు దక్షిణపు కమ్మీకి విరిగిన కర్రల ముక్కలు వరుసగా కొలువుదీరాయి. వాటిలో నాలుగింటికి రెండేసి సీసాల ఎపాక్సీలు. అంటే ఒక సీసాలోని రెజిన్‌ను, రెండో సీసాలోని హార్డెనర్‌ను సమపాళ్ళలో కలిపితే తప్ప గట్టిపడనివి. మిగతా రెండింటికి డబ్బా మూత తీసి నేరుగా పూసే వార్నిషులు. ఎండ, ఉప్పునీరు, ఇసుక రాపిడి, ఒలికిన బీరు, దోమల మందు అనే పంచమహాశత్రువులతో వీటన్నిటినీ యుద్ధం చేయించి విజేతను ప్రకటించడమే పరీక్ష లక్ష్యమని ఆయన చెప్పాడు. అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? అందులో థాడ్ గోరు దిగదు కదా.

నమ్మినా నోరు ఊరుకోనివాడు ఒకడుండేవాడు. థాడ్ భార్య ఒడెస్సాకు తమ్ముడు, వెర్నన్. రొయ్యల పడవ నడిపేవాడు. నడిపినదానికన్నా దాని ఇంజను గురించి మాట్లాడిందే ఎక్కువ.

"కెప్టెన్!" అన్నాడు వెర్నన్ ఒక మధ్యాహ్నం కమ్మీ దగ్గర వంగి. ఈ దీవిలో పడవ ఉన్నవాడూ లేనివాడూ అతనికి కెప్టెనే. "దీని మీద దోమ అతుక్కుపోయింది. ఇదిగో, దీని మీద ఇంకోటి. కర్రలు మానేసి ఈగల కాగితాలు చేస్తున్నావా?"

"ముట్టుకోకు."

"ముట్టుకుంటే నేనూ అతుక్కుపోయేలా ఉన్నా. అప్పుడు నన్ను ఎంతకి అమ్ముతావు?"

"నిన్ను ఊరికే ఇచ్చినా ఎవడూ తీసుకోడు. పో."

వెర్నన్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. థాడ్ ఆ దోమ వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. అసలు ఈ మహాపరీక్షలో పరీక్షకు కూర్చున్నవి పూతలు కావన్న సంగతి దీవిలో ఆయన ఒక్కడికే తెలుసు.

ఆయన తండ్రి ఆంబ్రోస్ కూడా కర్రలు కట్టినవాడే. చివరి ఏడాది ఆయన మనసు పొగమంచు పట్టిన కాలువలా అయిపోయింది. ఎవరు కర్ర చేయించుకున్నా, పిడి పైన చిన్నప్పుడు సముద్రంలో పోయిన తన తమ్ముడి పేరు రాసేవాడు: సిలాస్. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. డబ్బిచ్చి, థాంక్స్ చెప్పి, సిలాస్ కర్రలతోనే చేపలు పట్టారు. ఇప్పటికీ కొందరి ఇళ్ళలో అవి ఉన్నాయి.

ఆ వసంతంలో, ఫెర్రీ నడిపే డోరీన్ కోసం థాడ్ కట్టిన కర్ర మీద మర్నాటి పొద్దున గోరు దిగింది. వెన్నలో దిగినట్టు దిగింది. ఎపాక్సీ ఆరకపోతే కట్టేవాళ్ళందరికీ తెలిసిన కారణం ఒకటే: కలపడంలో తప్పు. రెండో సీసా పోశానా? ఆయన ఎంత గుచ్చి అడిగినా జ్ఞాపకం నోరు విప్పలేదు. అంతవరకూ ఆయన సూది తీసేసిన సిరంజీలతో, ఇది ఇంత అది ఇంత అని కంటితోనే కొలిచి పోసేవాడు. ఇకమీదట జ్ఞాపకంతో పని లేకుండా చేసుకుందామని, నగల దుకాణాల్లో వాడే డిజిటల్ త్రాసు ఒకటి తెప్పించి బల్ల సొరుగులో దాచాడు. అంకె అబద్ధమాడదు. రెండో సీసా పోయలేదంటే అంకె సగంలోనే ఉండి నిజం చెబుతుంది. ఇంతటి కట్టుదిట్టమైన ఏర్పాటు తర్వాత కలిపిన ప్రతి పూతా బంకగానే మిగిలింది.

సీసాలలో లోపమేమోనని వేరే కంపెనీవి తెప్పించాడు. అవీ అంతే. చివరికి శాస్త్రీయ పద్ధతిని శరణు వేడి, అన్నిటినీ పక్కపక్కన పెట్టాడు. ఫలితం నిర్దయగా వచ్చింది. మూత తీసి పూసిన రెండు వార్నిషులూ రాయిలా ఉన్నాయి. కలపవలసిన నాలుగూ దోమలను పట్టుకుంటున్నాయి. ఏదీ గుర్తుంచుకోనవసరం లేనివి గట్టిపడ్డాయి, గుర్తుంచుకోవలసినవి గట్టిపడలేదు. ఓడిన నాలుగింటిలోనూ ఉన్న ఒకే ఒక్క ఉమ్మడి అంశం ఏదని తర్కం అడిగింది. థాడియస్ ఫారో, అని థాడియస్ ఫారో వినయంగా సమాధానం చెప్పుకున్నాడు.

మర్నాడు ఆయన భోజనానికి రాకపోతే ఒడెస్సా షెడ్డులోకి వచ్చి చూసింది. ఆయన మోటారు తీగ చుట్టబెడుతున్నాడు. దారపు ఉండలన్నీ అప్పటికే అట్టపెట్టెలోకి చేరాయి.

"ఏంటది, దుకాణం కట్టేస్తున్నావా?"

"డ్రమ్ చేపలు ఒడ్డుకొచ్చే కాలం రాకముందే కట్టేద్దామని. గిరాకీ ఉండే ఆ రోజుల్లో కట్టేస్తే అందరూ ఎందుకని అడుగుతారు."

"ఇప్పుడు నేను అడుగుతున్నాగా. ఎందుకు?"

ఆయన ఉండను పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. "నాన్న దారిలోనే వెళ్తున్నా, డెస్. రెండో సీసా పొయ్యడం మర్చిపోతున్నా. మర్చిపోయానన్నది కూడా మర్చిపోతున్నా."

ఒడెస్సా బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"నిన్న చౌడర్ సూపులో ఉప్పెక్కువైందని ఎన్నిసార్లన్నావు?"

"నాలుగు."

"గుర్తుందే!"

"ఎక్కువైంది మరి. అయిదోసారి నువ్వు గరిటె ఎత్తావని ఊరుకున్నా."

"ఆ సీసాలు ఇటివ్వు." ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని చీటీ చదివింది. "రెండూ సమానంగా కలపాలి. ఇంతేనా? దీనికేనా ఇన్నేళ్ళుగా నువ్వు మంత్రం జపిస్తున్నట్టు మొహం పెట్టేది?"

వంటింట్లోకి వెళ్ళి కొలత చెంచా తెచ్చింది. దీనితో ఒకటి, దానితో ఒకటి పోసి, అంజీర్ కేకు పిండి కలిపినట్టే కలిపి, ఒక ముక్క మీద పూసింది. చుట్టిన తీగ విప్పించి మోటారు తిప్పించింది. ఆయన అడ్డు చెప్పలేదు. ఓడిపోయిన సేనాని ఎదుటివారి వ్యూహాన్ని విమర్శించడు.

పొద్దున ఇద్దరూ షెడ్డుకు వెళ్ళారు. థాడ్ గోరు నొక్కాడు. దిగలేదు. గట్టిగా నొక్కాడు. గోరే వంగింది.

"చూశావా!" అంది ఒడెస్సా.

"చూశాను," అన్నాడాయన, కోర్టులో తీర్పు విన్నవాడిలా. "నువ్వు కలిపింది గట్టిపడింది. అవే సీసాలు, అదే మోటారు, అదే గాలి. తేడా మనిషిలోనే ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి?"

ఓదార్చడానికి చేసింది ఉరితాడై మెడకు చుట్టుకోవడం ఒడెస్సాకు నచ్చలేదు. "సరే, నా కళ్ళముందు కలుపు. ఎక్కడ మర్చిపోతావో నేనూ చూస్తా."

థాడ్ సొరుగు లాగి త్రాసు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద కప్పు పెట్టాడు. రెజిన్ పోశాడు, అంకె చూశాడు. హార్డెనర్ అందుకున్నాడు. పోయడం మర్చిపోలేదు, అంకె సరిగ్గా రెట్టింపయ్యేదాకా చుక్క చుక్కగా, ప్రాణం పెట్టి పోశాడు.

"అదేంటి?" అంది ఒడెస్సా.

"త్రాసు."

"కనపడుతోంది. అదెప్పుడొచ్చింది?"

"డోరీన్ కర్ర పాడైనప్పుడు. మనిషి మర్చిపోయినా అంకె మర్చిపోదని."

"అంటే అప్పట్నుంచి అన్నీ తూచి కలుపుతున్నావా?"

"గ్రాము తేడా రాకుండా!" అన్నాడు, ఆ దుఃఖంలోనూ కొంత అతిశయంతో.

ఒడెస్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "థాడ్. ఒక కప్పు చెరకు పాకం, ఒక కప్పు నూనె. రెండూ ఒకే బరువుంటాయా?"

"ఎందుకుంటాయి? పాకం బరు..." అని ఆయన ఆగిపోయాడు.

ఆమె చెంచా నిండా రెజిన్ తీసి త్రాసు మీది కొత్త కప్పులో పోసింది. అంకె వచ్చింది. ఆ కప్పు తీసి ఇంకోటి పెట్టి చెంచా నిండా హార్డెనర్ పోసింది. ఇంకో అంకె వచ్చింది. రెండోది తక్కువ.

నెలల తరబడి ఒక మనిషి తన మెదడుకు అంత్యక్రియల ఏర్పాట్లు చేసుకుంటూ ఉండగా, మెదడు ఆరోగ్యంగా కూర్చుని ఆ ఏర్పాట్లకు సాయం చేసింది. సమానం అంటే చెంచాకు చెంచా. ఆయన గ్రాముకు గ్రాము పోశాడు. తేలికగా ఉన్న హార్డెనర్ బరువు సరితూగడం కోసం ప్రతిసారీ ఎక్కువగా పడింది, పూత ప్రతిసారీ బంకగా మిగిలింది. ఉమ్మడి అంశాలను వెతికిన తర్కానికి, తన మోచేతి పక్కనే వెలుగుతున్న ఆ చిన్న అద్దపు అంకె మాత్రం కనిపించలేదు.

థాడ్ బల్ల అంచు పట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు కాసేపటికి మరోలా మారబోతే, మళ్ళీ దాన్ని నవ్వులోకి తిప్పుకుని, బ్రష్షులు తుడిచే గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. అందులోని స్పిరిట్ కళ్ళకు తగిలి ఆ పని ఇంకాస్త సేపు సాగింది. ఒడెస్సా గుడ్డ లాక్కుని తన ఏప్రన్ అంచు ఇచ్చింది.

"ఉండు," అన్నాడాయన ఉన్నట్టుండి తలెత్తి. "మరి మొదటిది? డోరీన్ కర్ర? అప్పుడు త్రాసు లేదుగా. అప్పుడేమైంది?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళూ సీసాల గురించే నిలదీసిన జ్ఞాపకాన్ని ఈసారి ఏమీ అడగకుండా వదిలేశాడు. అది తనంతట తనే మాట్లాడింది.

"ఈశాన్యపు గాలి కొడుతోంది ఆ రోజు. రెండూ పోశాను. రెండూ పోశాను, డెస్! పుల్లతో కలపడం మొదలుపెట్టాను, అప్పుడే మీ తమ్ముడొచ్చాడు. ఆకుపచ్చ టోపీ, అంచు కుక్క కొరికింది. ఫ్యూయల్ పంపు గురించి ఎత్తుకున్నాడు. పాత పంపు కాదు, వాంచీస్ ఊళ్ళో కొన్నది. బల్ల మీది గిన్నెలో నువ్వు పెట్టిన బిస్కట్లు మూడు తిన్నాడు, మూడోది జేబులో పెట్టుకుని మళ్ళీ తీసి తిన్నాడు. నేను పుల్ల పట్టుకుని అలాగే వింటూ నిలబడ్డాను. వాడు వెళ్ళాక, కలపడం అయిపోయిందనుకుని పూసేశాను."

"వాడి పంపు ఎక్కడ కొన్నాడో కూడా గుర్తుందా నీకు?" అంది ఒడెస్సా. "నా సొంత తమ్ముడు, వాడు చెప్పింది ఒక్క ముక్కా నాకు గుర్తుండదు. డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్ళు."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో వెర్నన్ ప్రత్యక్షమయ్యాడు. తలుపు తట్టడం అతని వంశాచారం కాదు.

"కెప్టెన్, ఊళ్ళో అందరూ అడుగుతున్నారు. ఏ పూత గెలిచింది?"

"పోటీ ఇంకా మొదలవ్వలేదు."

"మరి వేసవంతా కమ్మీ మీద ఏం జరిగింది?"

"దోమలు పట్టాను. నువ్వే చెప్పావుగా."

"నువ్వొచ్చి మాట్లాడితే పూత ఆరదట," అంది ఒడెస్సా. "తేలిపోయింది. శాస్త్రీయంగా."

"నేనా? నేనేం చేశాను? నేను పంపు గురించి ఒక్క మాట చెబుదామని..."

"కలపడం అయ్యేదాకా బయట నిలబడు," అన్నాడు థాడ్. "వంటింట్లో కేకు ఉంది."

కేకు మాట వినగానే వెర్నన్ నిరసన విరమించి వంటింటి వైపు నడిచాడు. వెళ్తుండగా థాడ్ త్రాసును చేతిలో పెడితే, మారు మాట లేకుండా తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి అతను పట్టిన ప్రతి చేప బరువూ దీవికి గ్రాములతో సహా వినవలసి వచ్చింది.

థాడ్ డోరీన్ కర్రను బల్ల మీదికి తెచ్చాడు. బంక పూతనంతా గీకి, తుడిచి, పాత పేరు చెరిపి శుభ్రం చేశాడు. తర్వాత కలం సిరాలో ముంచి, పిడి పైన, ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం రాశాడు. ఒడెస్సా ఆయన భుజం మీదుగా వంగి చూసింది.

"థాడ్," అంది మెల్లగా, "సిలాస్ అని రాశావేంటి?"

ఆయన కలం పక్కన పడేసి, కర్రను కిటికీ వెలుతురులోకి తిప్పాడు. డోరీన్. స్పష్టంగా, కుదురుగా, ఒక్క అక్షరమైనా అటూ ఇటూ కాకుండా, డోరీన్.

తిరిగి చూసేసరికి ఒడెస్సా గుమ్మం దాకా పారిపోయింది. నవ్వుతో ఆమె భుజాలు ఊగుతున్నాయి. థాడ్ స్పిరిట్ గుడ్డ ఉండచుట్టి విసిరాడు. అది గురి తప్పి, కేకు ముక్కతో లోపలికి వస్తున్న వెర్నన్ మొహానికి తగిలింది.

"ఇప్పుడు నేనేమన్నానని!" అన్నాడు వెర్నన్.

థాడ్ అప్పటికే బల్ల వైపు తిరిగి, చెంచాతో ఒకటి, చెంచాతో ఒకటి పోసి, నవ్వు ఆపుకుంటూ కలుపుతున్నాడు.