కొంచెం ఆలస్యమైన ఒత్తు

నిలువు తెర మీద అక్షరాలను కదిలించడం నా వృత్తి. ఫోనును అడ్డంగా తిప్పే ఓపిక ఎవరికీ లేదు. పదిహేను సెకన్లలో ఒక మనిషి పేరును చూసేవారి మనసులో నిలపాలి. పేరంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ కాస్త వ్యవధిలో చోటుండదనే అనుకునేదాన్ని.

నకిరేకల్ బస్టాండు పక్కనున్న తన కుట్టు దుకాణాన్ని బాలస్వామి కాక వెనక సందులోకి మార్చాడు. బడులు తెరిచేందుకు నెల కూడా లేదు. యూనిఫాం బట్టతో వచ్చినవాళ్లు పాత జాగాలో మూసిన షట్టరు చూసి వెనుదిరుగుతున్నారు. అందుకే రీల్ చేయమని నా దగ్గరికి వచ్చాడు.

“పేరు మాత్రం సక్కగ రావాలె మెర్సీ బిడ్డా. మా నాయిన ఐలేశం, ఊరంత ఐలిగాడన్నది. నన్ను బాలిగాడన్నరు, ఇప్పుడు మర్యాదకు బాలసామి అంటున్నరు. నేను బాలస్వామిని.”

“ఫికర్ చెయ్యకు కాకా,” అన్నాను.

ఫికర్ నేను చేయవలసింది. అక్షరాలు కింది నుంచి ఒక్కొక్కటే పైకి లేచి నిలబడే రెడీమేడ్ టెంప్లేటు వాడాను. అది ఆంగ్లాక్షరాల కొలతకు చేసినది. అక్షరం నిలబడే గీత కింద ఏమున్నా కత్తిరిస్తుంది. మన అక్షరాలకు గీత కిందా బతుకుంటుంది. వీడియో పెట్టాక చూస్తే తెర నిండా తెల్లగా మెరుస్తున్నది: బాలసామి.

గంటలో కాక వచ్చాడు, మెడలో టేపుతో.

“గిదేంది బిడ్డా?”

“ఒత్తు తెగింది కాకా.”

“నేను లాగు కుట్టిచ్చి, ఒక కాలు తెగింది, తొడుక్కో అంటే ఊకుంటవా?”

నాకు నవ్వు వచ్చింది. ఆయనకు రాలేదు. వీడియో తీసేశాను.

సరిచేయడం తేలికే, కోతగీతను కిందికి జరిపితే చాలు. అయినా చేయి ఆగింది. ఇన్నేళ్లుగా ఆ ఒత్తు లేదని ఎవరూ గమనించలేదు. ఉంటే మాత్రం గమనిస్తారా?

కొత్త వీడియోలో మొదట ‘బాలసామి’యే నిలబడుతుంది. ఒక క్షణం ఏదీ కదలదు. అప్పుడు కుడి అంచు నుంచి వ ఒత్తు ఒక్కటే, బస్సు తప్పిపోతుందన్నట్టు ఉరికివస్తుంది. ‘మి’కి గుద్దుకొని, తమాయించుకొని, ‘సా’ కింద దూరి దాన్ని భుజాన ఎత్తుకుంటుంది. వెంటనే కుట్టుమిషను చప్పుడు, కొత్త చిరునామా.

కాక మూడుసార్లు చూశాడు.

“ఉరికొచ్చుడు మంచిగున్నది. జర గట్టిగ గుద్దనియ్యి.”

మూడో రోజుకు సందు నిండింది. వచ్చినవాళ్లందరూ ‘స్వా’ను అవసరానికి మించి ఒత్తి పిలిచారు, కొందరు ఒక క్షణం ఆగి మరీ ఒత్తారు. వెక్కిరింపో, మన్ననో నేను తేల్చుకోలేకపోయాను. కాక మాత్రం ప్రతిసారీ తల ఎత్తి పలికాడు.

కేతేపల్లి నుంచి బిక్షమ్మ అవ్వ మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చింది.

“బాలసామీ, పిల్ల కొలత తీస్కో.”

కాక చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టాడు.

“ఒత్తు పెట్టి పిలువు అవ్వా. పెడితెనే కత్తెర పడ్తది.”

అవ్వ నోరు బార్లా తెరిచి చూపింది.

“ఒక్క పన్ను లేదు. ఒత్తు దేనికి ఆనియ్యాలె బిడ్డా?”

కాక వంగి, కొలత చూసినంత శ్రద్ధగా ఆ నోటిలోకి చూశాడు.

“గట్లయితె నీకు మాఫీ,” అని మెడలోని టేపు తీశాడు.